మిగులు 32 ఉన్నా జీతాలు ఎందుకు ఆగాయి? ఆసుపత్రి లెక్కలు చదవడం గురించి ఒక డాక్టర్ గారికి జవాబు

డాక్టర్ గారూ, ముందుగా మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెబుతాను. మీరు పనిచేసే ట్రస్టు ఆసుపత్రి బోర్డులోకి మిమ్మల్ని తీసుకున్నారు. మొదటి మీటింగ్‌కి ముందు ఆడిట్ అయిన లెక్కల ఫైలు చేతిలో పెట్టారు. అందులో ఏడాది మిగులు 32 అని ఉంది. కానీ ఆ నెల జీతాలు తొమ్మిది రోజులు ఆలస్యమయ్యాయి. "మిగులుంటే జీతాలు ఎందుకు ఆగాయి? ఇన్ని పట్టికల్లో దేన్ని ముందు చదవాలి?" అని అడిగారు. అంకెలు లక్షల్లోనా కోట్లలోనా అన్నది రాయలేదు. ఫరవాలేదు, జవాబు మారదు.

సూటిగా చెప్పాలంటే, మీ మిగులు కాగితం మీద ఉంది, బ్యాంకుకు ఇంకా రాలేదు. ఎక్కువ భాగం బీమా కంపెనీల దగ్గర బాకీగా ఇరుక్కుంది. చదివేటప్పుడు వెనక నుంచి రండి: ముందు క్యాష్ ఫ్లో (నగదు రాకపోకల పట్టిక), తర్వాత బ్యాలెన్స్ షీట్‌లో (ఆస్తులు, అప్పుల పట్టిక) రావాల్సిన బాకీలు, చివర్లో ఆదాయ వ్యయాల పట్టిక. అందరూ దీనికి తిరగేసి చదువుతారు. మొదటి పేజీలో మిగులు చూసి ఊపిరి పీల్చుకుని ఫైలు మూసేస్తారు.

నేను బిల్లింగ్ కౌంటర్‌లో మొదలుపెట్టి 23 ఏళ్లుగా ఆసుపత్రుల అకౌంట్స్‌లోనే ఉన్నాను. మామూలు వ్యాపారాల్లో కనబడని ఒక చిక్కు ఇక్కడుంది. మామూలు దుకాణంలో ధర, అమ్మకం, గల్లా పెట్టెలో పడిన డబ్బు దాదాపు ఒకటే. ఆసుపత్రిలో అవి మూడు వేరువేరు అంకెలు. రోగికి వేసిన బిల్లు ఒకటి. ఒప్పందాలు, రాయితీలు పోగా లెక్కల్లో రాసుకునే రాబడి ఇంకొకటి. నిజంగా చేతికొచ్చే డబ్బు మూడోది. ఈ మూడింటి మధ్య ఉన్న దూరం అర్థమైతే ఆసుపత్రి లెక్కల్లో సగం అర్థమైనట్టే.

మీరు పంపిన అంకెలతోనే చూద్దాం. ఏడాదిలో వేసిన బిల్లులు 1,000. బీమా సంస్థలతో కుదుర్చుకున్న రేట్ల ప్రకారం 300 పోయాయి. ఇది నష్టం కాదు, ఆ డబ్బు మొదటి నుంచీ మీది కాదు. బిల్లు మీద ఉన్న రేటు ఎవరూ పూర్తిగా కట్టని రేటు. మిగిలిన 700లో రోగులు తమ వాటాగా కట్టాల్సినదాంట్లో 40 రాదని పాత అనుభవంతో ముందే తీసేశారు. చివరికి రోగుల సేవల నుంచి నికర రాబడి 660. ఎవరైనా మీటింగ్‌లో "మనది వెయ్యి టర్నోవర్ ఆసుపత్రి" అంటే ఆ వెయ్యిని చెవిన వేసుకోకండి.

ఆ 40 ఒక అంచనా అని గుర్తుంచుకోండి. అమెరికా అకౌంటింగ్ ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఏఎస్‌బీ, అంతర్జాతీయ సంస్థ ఐఏఎస్‌బీ కలిసి 2014 మేలో రాబడి మీద కొత్త ప్రమాణం తెచ్చాయి. అంతర్జాతీయంగా దాని పేరు ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15, 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం వేసిన బిల్లు ఎంతైనా సరే, నిజంగా మనకు దక్కుతుందని నమ్మే మొత్తాన్నే రాబడిగా రాయాలి. అమెరికా ఆసుపత్రుల్లో అంతకుముందు మొండి బాకీల కింద విడిగా కనబడిన మొత్తంలో చాలా భాగం దీంతో రాబడిలోంచే తగ్గిపోయింది. పాత ఏళ్లతో పోల్చి "మొండి బాకీలు భలే తగ్గాయే" అని సంబరపడిన బోర్డు సభ్యులను చూశాను. బాకీలు తగ్గలేదు, వాటిని రాసే చోటు మారింది. ఆ అంచనా ఎవరు వేశారు, నిరుడు వేసిన అంచనా ఎంతవరకు నిజమైంది అన్నది మీరు అడగదగ్గ ప్రశ్న. 40 బదులు 25 అని రాసి ఉంటే మీ మిగులు అప్పటికప్పుడు 15 పెరిగేది, ఒక్క రోగి కూడా అదనంగా కట్టకుండానే.

ఇప్పుడు క్యాష్ ఫ్లో. ఇందులో మూడు భాగాలుంటాయి: రోజువారీ కార్యకలాపాలు, పెట్టుబడులు, అప్పులు. తెలుగులో మొదటిదాన్ని "ఆపరేషన్ల నుంచి నగదు" అంటుంటే ఒకసారి ఒక సర్జన్ గారు "మరి ఫిజియోథెరపీ డబ్బు ఏ వరుసలో వస్తుంది?" అని అడిగారు. అందరూ నవ్వారు కానీ తప్పు ఆయనది కాదు, ఆ మాటను అలా వాడిన మాది.

మీ పట్టికలో మిగులు 32. దానికి తరుగుదల 40 కలిపారు. భవనాలు, యంత్రాలు పాతబడే కొద్దీ వాటి విలువలో ఏటా తగ్గించి రాసేది తరుగుదల. కలపడం ఎందుకంటే, దాన్ని ఖర్చుగా రాసినా దానికోసం ఎవరికీ చెక్కు ఇవ్వం. మొత్తం 72. అక్కడిదాకా బాగుంది. తర్వాత రావాల్సిన బాకీలు పెరిగినందుకు 65 పోయాయి. మందులు, సామాను నిల్వ పెరిగినందుకు 9 పోయాయి. సరఫరాదారులకు మనం ఆపిన చెల్లింపుల వల్ల 7 కలిసింది. చివరికి మిగిలింది 5. ఏడాదంతా వందల మంది పనిచేస్తే ఆసుపత్రి చేతికి వచ్చిన నగదు 5.

ఆ 5 మీద కూడా నాకు అనుమానం ఉంది. పక్కనే పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

పెట్టుబడుల భాగంలో యంత్రాలకు 45 పెట్టారు. అప్పుల భాగంలో కొత్త అప్పు 40 తెచ్చి, పాత అసలు 20 కట్టారు. మొత్తం మీద 5లోంచి 45 తీసేసి 20 కలిపితే మైనస్ 20. ఏడాది మొదట్లో 50 ఉన్న నగదు చివరికి 30 అయింది. మీ ఏడాది జీతాల ఖర్చు 340, అంటే నెలకు 28 పైన. బ్యాంకులో 30 పెట్టుకుని నెలకు 28 జీతాలిచ్చే చోట, ఒక పెద్ద బీమా సంస్థ చెల్లింపు వారం ఆలస్యమైతే ఏమవుతుంది? మీరు చూసిందే.

బ్యాలెన్స్ షీట్ తెరిచి ఆ 65 ఎక్కడ పడిందో చూడండి. రావాల్సిన బాకీలు నిరుడు 115, ఈ ఏడు 180. రాబడి 600 నుంచి 660కి పెరిగింది, అంటే పది శాతం. బాకీలు మాత్రం 56 శాతం పెరిగాయి. దీన్ని మేము రోజుల్లో చెప్పుకుంటాం. రాబడి 660ని 365తో భాగిస్తే రోజుకు 1.81. 180ని దాంతో భాగిస్తే దాదాపు 100 రోజులు. నిరుడు ఇదే లెక్క 70 రోజులు. అంటే రోగి ఇంటికెళ్లాక సగటున మూడు నెలలు దాటితే గానీ మీకు డబ్బు రావడం లేదు. జీతం మాత్రం 30 రోజులకోసారి ఇవ్వాలి.

ఇలా ఎందుకవుతుందో ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక ఆసుపత్రి నన్ను ఇదే ప్రశ్నకు పిలిచింది. రాబడి ఏటా పెరుగుతోంది, చేతిలో డబ్బు లేదు. బీమా సంస్థలు సతాయిస్తున్నాయని అందరూ ఒకే మాట. నేను లెక్కల పుస్తకం పక్కన పెట్టి క్లెయిముల గదికి వెళ్లాను. కిటికీ పక్కన ఒక ఇనుప బీరువా, తలుపు పూర్తిగా పడటం లేదు. లోపల ఫైళ్లు అడ్డంగా కుక్కి ఉన్నాయి, ఒక్కో ఫైలు మీద పసుపు చీటీ. చాలా చీటీల మీద ఒకటే మాట: "డిశ్చార్జ్ సమ్మరీ - సంతకం లేదు". ఒకటి తీసి తారీఖు చూశాను, రోగి వెళ్లి ఐదు నెలలు దాటింది. ఆ ఫైళ్లు బీమా సంస్థకు అసలు వెళ్లనే లేదు. లెక్కల్లో మాత్రం రాబడిగా పడిపోయాయి, మిగులులో చేరిపోయాయి, ఆ మిగులును నమ్ముకుని కొత్త యంత్రం కూడా కొన్నారు. సంతకం పెట్టాల్సింది మీలాంటి డాక్టర్లే, ఏమీ అనుకోకండి. బోర్డులో డాక్టరు ఉంటే లాభం ఇక్కడే. ఆ బీరువాను ఖాళీ చేయించే పని అకౌంటెంటు కంటే మీవల్లే తొందరగా అవుతుంది.

అందుకే బాకీల మొత్తం చూసి ఆగకండి, ఏజింగ్ పట్టీ అడగండి. ఏ బాకీ ఎన్ని రోజుల పాతదో అందులో ఉంటుంది: 30 లోపు, 60 లోపు, 90 లోపు, ఆపైన. 180 రోజులు దాటిన బాకీని నేను మనసులో సగానికి సగం కొట్టేసుకుని చదువుతాను. ఇది నియమం కాదు, నా అలవాటు. కొన్ని ప్రభుత్వ పథకాలు ఆలస్యమైనా మొత్తం చెల్లిస్తాయి, ఆ తేడా మీ ఆసుపత్రి పాత రికార్డే చెబుతుంది. ఇంకో సంగతి, 100 రోజులన్నది సగటు. ఒక్క సంస్థ దగ్గరే ఎక్కువ బాకీ ఇరుక్కుని మిగతావాళ్లు సకాలంలో కడుతున్నారేమో చూడాలి. అప్పుడు మందు వేరు.

ఇప్పుడు ఆ 30 నగదు సంగతి. లెక్కల చివర ఉండే వివరణల్లో, అంటే నోట్స్‌లో, ఒక వాక్యం ఉందని మీరే రాశారు: పిల్లల వార్డు కట్టడానికి ఒక దాత ఇచ్చిన 11 కూడా ఈ 30లోనే ఉందట. డాక్టర్ గారూ, మీరు పంపిన కాగితాలన్నిటిలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఈ ఒక్క వాక్యమే. ఆ 11 మీ ఆసుపత్రి దగ్గర ఉంది కానీ జీతాలకు వాడే హక్కు లేదు. దాన్ని తీసేస్తే మీ చేతిలో ఉన్నది 19. ఎన్ని రోజులకు సరిపోతుందో చూడండి. మొత్తం ఖర్చు 672లోంచి తరుగుదల 40 తీసేస్తే 632, రోజుకు 1.73. 30 అయితే 17 రోజులు. 19 అయితే 11 రోజులు.

ట్రస్టు ఆసుపత్రుల్లో దాత షరతు పెట్టిన డబ్బును, షరతు లేని డబ్బును విడిగా చూపడం అందుకే. అమెరికాలో ఇంతకుముందు దీన్ని మూడు తరగతులుగా చూపేవారు, 2016లో ఎఫ్‌ఏఎస్‌బీ రెండుకు కుదించింది: దాత షరతులు ఉన్నవి, లేనివి. పేర్లు ఎక్కడ ఎలా ఉన్నా అడగాల్సింది ఒకటే: ఇందులో రేపు జీతాలకు వాడగలిగింది ఎంత? ఒకచోట వార్డు కోసం ఇచ్చిన డబ్బును "నెల రోజులకే కదా" అని జీతాలకు తీశారు. దాత పునాది ఎప్పుడు వేస్తారని చూడటానికి వచ్చినప్పుడు ఆ గదిలో నేనూ ఉన్నాను. ఆ మధ్యాహ్నం గురించి ఇంతకంటే రాయను.

పక్కన పెట్టమన్న 5కి వద్దాం. ఆ 11 విరాళం మీ మిగులు 32లో కూడా కలిసిపోయి ఉంది. భవనానికో యంత్రానికో ఇచ్చిన విరాళాన్ని అమెరికా పద్ధతిలో అయితే ఆపరేటింగ్ మిగులులో చూపరు, క్యాష్ ఫ్లోలో కూడా అప్పులు, నిధుల భాగంలోకి వెళ్తుంది. అలా సర్దితే రోజువారీ పని నుంచి మీకు వచ్చిన నగదు 5 కాదు, మైనస్ 6. మీ దేశపు పద్ధతిలో ఇలా చూపడం తప్పు కాకపోవచ్చు, ఆడిటర్‌ని అడగండి. కానీ చదివేవాడిగా మీ మనసులో ఉండాల్సిన అంకె మైనస్ 6.

ఇక ఆదాయ వ్యయాల పట్టిక. దీన్ని చివరికి ఉంచింది దాని విలువ తక్కువని కాదు. రోగుల రాబడి 660, పార్కింగ్, అద్దెల లాంటివి 20, మొత్తం 680. ఖర్చులు: జీతాలు 340, మందులు, సర్జికల్ సామాను 170, కరెంటు, నిర్వహణ, ఇతరాలు 110, తరుగుదల 40, వడ్డీ 12. మొత్తం 672. అంటే వైద్యం చేసి మిగిల్చింది 8, వంద రాబడికి 1.2 మాత్రమే. మిగతా 24 ఎక్కడివి? పిల్లల వార్డు విరాళం 11, మామూలు విరాళాలు 10, డిపాజిట్ల వడ్డీ 3. మిగులులో నాలుగింట మూడొంతులు వైద్యంతో సంబంధం లేనివి. విరాళాలు రావడం తప్పేం కాదు, రావాలి కూడా. కానీ వచ్చే ఏడు కూడా వస్తాయని జీతాలు పెంచకూడదు.

సగం ఖర్చు జీతాలే కావడం ఆసుపత్రుల్లో మామూలే. దాన్ని చూసి వెంటనే మనుషుల్ని తగ్గించమనే సభ్యుడు ప్రతి బోర్డులోనూ ఒకరుంటారు. మంచాలు సగం ఖాళీగా ఉన్నా రాత్రి డ్యూటీ నర్సు ఉండాల్సిందే, ఐసీయూ నడవాల్సిందే. ఖర్చులో ఎక్కువ భాగం రోగులు వచ్చినా రాకపోయినా కదలదు. అందుకే జీతాల అంకెను ఒంటరిగా చదవకుండా పక్కన ఎన్ని మంచాలు నిండాయి, సగటున రోగి ఎన్ని రోజులు ఉన్నాడు, ఏ రకం చెల్లింపుదారులు ఎంత శాతం అన్న సమాచారం పెట్టుకోవాలి. ఇది లెక్కల ఫైలులో ఉండదు, విడిగా అడగాలి.

నిల్వల గురించి చిన్నమాట. ఏడాది చివరి రాత్రి క్యాథ్ ల్యాబ్ (గుండెకు స్టెంట్లు వేసే గది) అలమరాలో స్టెంట్లు లెక్కపెడుతూ ఒకసారి గంటసేపు నిలబడ్డాను. పుస్తకంలో ఉన్న సంఖ్య, అలమరాలో ఉన్న సంఖ్య ఒకటే. అంతా సరిపోయిందని స్టోర్స్ అతను సంతకానికి కాగితం చాపాడు. అప్పుడు ఒక పెట్టె తిప్పి చూస్తే వెనక సరఫరాదారు స్టిక్కర్. అందులో చాలా స్టెంట్లు కన్‌సైన్‌మెంట్ మీద పెట్టినవి, వాడాకే మనవి అవుతాయి. అంటే ఆ సరుకు మనది కాదు, దాని అప్పూ పుస్తకంలో లేదు. నిల్వ ఎక్కువ చూపితే ఖర్చు తక్కువ కనబడుతుంది, మిగులు ఉబ్బుతుంది. మీ నిల్వలు 9 పెరిగాయి కాబట్టి ఇది గుర్తొచ్చింది, మీ దగ్గర అదే జరిగిందని కాదు.

యంత్రాల వయసు కూడా చూడండి. నోట్స్‌లో ఇప్పటిదాకా పోగైన తరుగుదల 480, ఏడాది తరుగుదల 40. భాగిస్తే 12. మీ భవనాలు, యంత్రాలు సగటున 12 ఏళ్ల పాతవని మోటుగా అర్థం. పూర్తిగా తరిగిపోయినా ఇంకా వాడుతున్న వస్తువులు పుస్తకంలో ఉంటే ఈ లెక్క కాస్త ఎక్కువ చూపిస్తుంది. అయినా ఒక సంకేతమే. పాత యంత్రాలున్న ఆసుపత్రికి తరుగుదల తక్కువ పడి మిగులు అందంగా కనబడుతుంది, తర్వాత ఒకే ఏడాది స్కానరు, జనరేటరు, ఏసీ ప్లాంటు కలిసి మొరాయిస్తాయి. లీజుకు తెచ్చిన యంత్రాలుంటే, లీజుల మీది అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16 పాటించే చోట 2019 నుంచి అవి కూడా ఆస్తిగా, అప్పుగా బ్యాలెన్స్ షీట్‌లోకి వచ్చాయి. అద్దె ఖర్చు తరుగుదల, వడ్డీలుగా విడిపోయింది. 2018తో పోలుస్తూ "వడ్డీ, తరుగుదలకు ముందు లాభం బాగా పెరిగింది" అని ఎవరైనా చూపిస్తే ఇది గుర్తుతెచ్చుకోండి.

అప్పు గురించి కూడా అడిగారు, బ్యాంకు వాళ్లు ఏమీ అనడం లేదెందుకని. వాళ్లు చూసేది సాధారణంగా ఈ లెక్క: మిగులు 32, తరుగుదల 40, వడ్డీ 12 కలిపి 84. కట్టాల్సినవి అసలు 20, వడ్డీ 12 కలిపి 32. 84ని 32తో భాగిస్తే 2.6. చాలా బాగుంది. కానీ ఇదే లెక్క నగదుతో వేయండి. మైనస్ 6కి ఇప్పటికే కట్టిన వడ్డీ 12 కలిపితే 6. కట్టాల్సింది 32, వచ్చింది 6. పాత అప్పు వాయిదా కొత్త అప్పుతోనే కట్టినట్టు. 2.6 తప్పు కాదు, అది బాకీలన్నీ వసూలవుతాయన్న నమ్మకం మీద నిలబడింది.

దీనికి తిరగేసిన బొమ్మ కూడా ఉంటుంది. 2020లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్, ఆసుపత్రులకు ముందస్తు చెల్లింపులు పెద్ద ఎత్తున ఇచ్చింది. ఆ ఏడాది చాలా ఆసుపత్రుల చేతిలో నగదు బ్రహ్మాండంగా కనబడింది, కానీ అది తర్వాతి బిల్లుల్లోంచి తిరిగి కోసుకునే డబ్బు. బ్యాలెన్స్ షీట్ రెండో వైపు అప్పుగా కూర్చుని ఉంది. నగదు ఒక్కటే చూసినా మోసపోతాం, అందుకే బాకీలతో కలిపి చదవమంటున్నాను.

ఆడిటర్ నివేదికలో మొదటి పేజీ, నోట్స్‌లో కోర్టు కేసులు, ట్రస్టీల సంబంధీకుల సంస్థలతో లావాదేవీలు, ఈ మూడు మాత్రం మీరే స్వయంగా చదవండి. సారాంశం చెప్పమని ఎవరినీ అడగొద్దు.

అకౌంటింగ్ కోర్సు చేయాలా అన్నారు. అక్కర్లేదు. మీటింగ్‌కి మూడు కాగితాలు తెప్పించుకోండి: చెల్లింపుదారుల వారీగా ఏజింగ్ పట్టీ, డిశ్చార్జ్ అయినా ఇంకా క్లెయిమ్ పంపని ఫైళ్ల జాబితా, ఆ 11 ఏ ఖాతాలో ఉందో చూపే బ్యాంకు స్టేట్‌మెంట్. మీటింగ్‌కి వారం ముందే రాతపూర్వకంగా అడగండి. అదే రోజు అడిగితే సిస్టమ్ డౌన్‌లో ఉందంటారు, నేనూ ఒకప్పుడు అన్నవాడినే.